బొనేర్‌కు రెండోసారి: అయిదేళ్ల తర్వాత అదే నీళ్లలోకి (ట్రిప్ రిపోర్ట్, కాస్త పొడుగు)

మీసాల_డైవర్ (హ్యూస్టన్) · 2024 డిసెంబర్ 1, ఆదివారం

అందరికీ నమస్కారం. 2019 నవంబర్‌లో మేమిద్దరం మొదటిసారి బొనేర్ వెళ్లొచ్చాక ఇక్కడ రాస్తానని చెప్పి ఎగ్గొట్టాను. ఈసారి మాట దక్కించుకుందామని కూర్చున్నా. మొన్న నవంబర్ 16న వెళ్లి 23న తిరిగొచ్చాం. ఇక్కడి నుంచి శనివారం డైరెక్ట్ ఫ్లైట్, అయిదు గంటలకు కాస్త తక్కువ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. వెనిజులాకు ఉత్తరంగా, అరూబా, క్యురసావ్‌ల పక్కన ఉండే ఎండు దీవి ఇది. కరేబియన్ అనగానే కొబ్బరిచెట్లు ఊహించుకోకండి. నాగజెముడు, తుమ్మముళ్లు, మేకలు, గాడిదలు. మన అనంతపురాన్ని తీసుకెళ్లి సముద్రం మధ్యలో పెట్టినట్టుంటుంది. 2010 అక్టోబర్ 10 నుంచి నెదర్లాండ్స్‌లో ప్రత్యేక మునిసిపాలిటీ. అయినా నడిచేది యూరో కాదు, అమెరికా డాలరు. జనం మాట్లాడేది పాపియమెంటు. 'థాంక్స్' అనడానికి 'డంకి' అంటారు. రోడ్డు మీద గాడిద కనపడ్డప్పుడల్లా మా ఆవిడ నాకు డంకి చెప్పేది.

మరి అంతదూరం ఎందుకు? ఒడ్డు నుంచే డైవింగ్ చేయొచ్చు. పడవ అక్కర్లేదు, గైడ్ అక్కర్లేదు, పొద్దున్నే ఎనిమిదింటికి రమ్మనే వాడు లేడు. ఒక పికప్ ట్రక్ అద్దెకు తీసుకుని, వెనక నాలుగు ట్యాంకులు పడేసుకుని పడమటి తీరం వెంట పోతుంటే రోడ్డు పక్కన పసుపు రంగు రాళ్లు కనిపిస్తాయి. రాయి మీద సైటు పేరు. ట్రక్ ఆపి, సామాను తగిలించుకుని, నీళ్లలోకి నడవడమే. చాలాచోట్ల ముప్పై నలభై గజాలు ఈదగానే పగడపు దిబ్బ మొదలై, పది మీటర్ల దగ్గర నుంచి కిందికి జారుతుంది. నీళ్లు 28 డిగ్రీలు.

ఇక అసలు సంగతి. 2019లో హిల్మా హుకర్ అనే మునిగిన ఓడ దగ్గర నా పరువు పోయింది. 72 మీటర్ల సరుకు ఓడ అది. దొంగగోడ వెనక సుమారు 11 టన్నుల గంజాయి దొరికి అధికారులు పట్టుకున్నారు. పట్టించుకునే ఓనరు లేక, నీళ్లు కారుతూ కారుతూ 1984 సెప్టెంబర్ 12న మునిగిపోయింది. కుడివైపుకి ఒరిగి, 30 మీటర్ల లోతున ఇసుకలో పడుకుని ఉంటుంది. దాని పెద్ద ప్రొపెల్లర్ చూసిన ఆనందంలో గాలి పీల్చడం ఎక్కువైంది కాబోలు, 28 మీటర్ల దగ్గర గేజ్ చూసుకుంటే ట్యాంకులో మిగిలిన గాలి 70 బారే, అంటే మూడోవంతు. దిగి పదిహేను నిమిషాలే అయింది. గుండె దడదడ, దాంతో ఊపిరి ఇంకా వేగం. మా ఆవిడ నా బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) పట్టీ గట్టిగా పట్టుకుని, నా కళ్లలోకి చూస్తూ చేత్తో 'మెల్లగా, మెల్లగా' అని చూపిస్తూ పైకి తెచ్చింది. ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవడానికి అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సిన చోట, తన ట్యాంకు నుంచి గాలి పీల్చుకునే రెండో రెగ్యులేటర్ నా నోట్లో పెట్టింది. పైకొచ్చాక ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఈసారి అదే ఓడ, అదే ఆవిడ. పాతిక నిమిషాలయ్యాక నా గేజ్ 80 చూపించింది. ఆ గేజ్ ఫోటో తీసి పెట్టమంటే నవ్వింది కానీ తీసింది. మిగతాది రేపు రాస్తా, లాండ్రీ గోల చేస్తోంది.

---

రుషికొండ_రాజు (విశాఖ) · డిసెంబర్ 1

అన్నా, పడవ లేకుండా డైవింగా! మాకిక్కడ రుషికొండలో నీళ్లు తేటగా ఉన్నరోజు అయిదారు మీటర్లు కనపడితే పండగ. అక్కడ ఎంత దూరం కనపడుతుంది? నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి) వాడారా? దానికి ఎక్స్‌ట్రా ఎంత గుంజారు?

---

మీసాల_డైవర్ · డిసెంబర్ 1

రాజూ, పాతిక ముప్పై మీటర్లు మామూలు. నైట్రాక్స్ 32 శాతం వాడాం, మా ప్యాకేజీలో ఉచితమే. 2019లో మామూలు గాలి వాడాం. గాలి ఎక్కువసేపు రావడానికి అది కూడా ఒక కారణమేమో.

---

రుషికొండ_రాజు · డిసెంబర్ 1

అన్నా, ఏమనుకోవద్దు, అది తప్పు. నైట్రాక్స్ వల్ల గాలి ఎక్కువసేపు రాదు. నువ్వు ఎంత పీలిస్తే అంతే ఖర్చవుతుంది. 28 మీటర్ల లోతున ఒత్తిడి దాదాపు 3.8 బార్ ఉంటుంది కాబట్టి పైన పీల్చేదానికి నాలుగింతలకు దగ్గరగా పోతుంది, ట్యాంకులో ఏది నింపినా సరే. నైట్రాక్స్‌లో నైట్రోజన్ తక్కువ ఉంటుంది కనుక కిందే ఎక్కువసేపు ఉండొచ్చు, అంతే తేడా. పైగా 32 శాతంతో 34 మీటర్ల కన్నా కిందికి పోకూడదు, ఆక్సిజనే విషమవుతుంది. నీ గేజ్‌లో 80 మిగలడానికి కారణం నువ్వు భయపడకపోవడమే. ఆ క్రెడిట్ నువ్వే తీసుకో.

---

కోజుమెల్_ఫ్యాన్ (డాలస్) · డిసెంబర్ 1

రిపోర్ట్ బాగుంది గానీ నాకొకటి అర్థం కాలేదు. కరేబియన్‌లో ఇన్ని దీవులుండగా వెళ్లిన ఊరికే మళ్లీ ఎందుకండీ? మెక్సికోలో కోజుమెల్ దీవికి వెళ్తే ప్రవాహమే మిమ్మల్ని మోసుకుపోతుంది, కాళ్లు కూడా కదపనక్కర్లేదు. బొనేర్‌లో అదే వాలు, అదే దిబ్బ, అరవై సార్లు. నేను 2017లో వెళ్లా, మూడో రోజుకే బోర్ కొట్టింది.

---

చెవి_ముక్కు_గొంతు (గుంటూరు) · డిసెంబర్ 2

నేను డైవర్‌ని కాను, డాక్టర్‌ని. ఇక్కడ చదివి ఉత్సాహపడే వాళ్లకు ఒక మాట. చెవి నొప్పి మొదలయ్యాక ముక్కు మూసి ఊదడం కాదు, నొప్పి రాకముందే, ప్రతి మీటరుకూ మెల్లగా ఊదాలి. దిగినప్పుడు మొదటి పది మీటర్లలోనే ఒత్తిడి రెట్టింపు అవుతుంది, చెవులు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే. సర్దుకోకపోతే కాస్త పైకి రావాలి గానీ బలంగా ఊదకూడదు. జలుబు ఉంటే డైవింగ్ మానేయండి. మాత్ర వేసుకుని దిగితే, దాని పవర్ నీళ్లలో ఉండగానే దిగిపోతే, పైకొచ్చేటప్పుడు గాలి బయటికి రాక ఇరుక్కుంటుంది. అది మరీ నరకం. సెలవు డబ్బులు పోయాయనే బాధ కన్నా కర్ణభేరి ముఖ్యం.

---

మీసాల_డైవర్ · డిసెంబర్ 2

డాక్టర్ గారూ, థాంక్యూ. మా ఆవిడకు రెండోరోజు కొంచెం ముక్కు దిబ్బడ. ఆ పూట తను ఒడ్డునే కూర్చుని పుస్తకం చదువుకుంది. నేను ఒక్కడినే పోతానంటే ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

కోజుమెల్ గారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఫ్లైట్ దిగేదాకా నాకూ జవాబు తెలీదు. రాస్తా, కాస్త ఓపిక పట్టండి.

మొదటిరోజు పని పెద్దగా ఉండదు. దీవిలోకి వచ్చే టూరిస్టుకు 75 డాలర్ల ఎంట్రీ ట్యాక్స్, పైన మెరైన్ పార్క్ వాళ్లకు నేచర్ ఫీ 40 డాలర్లు. తీరం చుట్టూ 60 మీటర్ల లోతు దాకా 1979 నుంచీ పార్కే. బల్లెంతో చేపలు పట్టడం 1971లోనే ఆపేశారు. చేతికి గ్లోవ్స్ వేసుకోనివ్వరు. గ్లోవ్స్ ఉంటే మనిషి ధైర్యంగా అన్నీ పట్టుకుంటాడని. ఎంత అనుభవం ఉన్నా మొదటి డైవ్ డైవ్‌షాప్ ముందు నీళ్లలోనే చేసి, మునగడానికి కట్టుకునే బరువులు సరిచూసుకోవాలి. నాకు 2019లో ఆరు కిలోలు కట్టారు, ఈసారి నాలుగు చాలాయి. పొట్ట తగ్గింది అనుకున్నా. ఊపిరి నిలకడైంది, అంతేనట.

రెండోరోజు థౌజండ్ స్టెప్స్. వెయ్యి మెట్లు అంటారు కానీ లెక్కపెడితే 70కి అటూ ఇటూ. ట్యాంకు ఒక్కటే 15 కిలోల దాకా ఉంటుంది కదా, ఎక్కేటప్పుడు వెయ్యే అనిపిస్తుంది, పేరు పెట్టినవాడు అబద్ధం చెప్పలేదు. మాటల్లో పడి రాయి దాటేసి ముందుకు పోయాం. అక్కడి నుంచి రోడ్డు వన్‌వే. వెనక్కి తిప్పే దారి లేక కర్పాటా దాకా పోయి, రింకన్ ఊరి మీదుగా దీవంతా చుట్టి వచ్చాం. దారిలో రేడియో కూడా రాలేదు, మా ఆవిడ మాత్రం బాగా వచ్చింది.

---

పప్పన్నం (ఫ్రీమాంట్) · డిసెంబర్ 2

మేము వెజ్. అక్కడ తిండి సంగతేంటండీ? బ్రెడ్డు, చీజే గతా?

---

డచ్చి_తెలుగు (రోటర్‌డామ్) · డిసెంబర్ 2

నేను ఇక్కడి నుంచి రెండుసార్లు వెళ్లా. పప్పన్నం గారూ, భయపడకండి. అక్కడి ముఖ్య పట్టణం క్రాలెండైక్‌లో సూరినామ్ (దక్షిణ అమెరికా దేశం) వాళ్ల హోటళ్లు ఉన్నాయి, రోటీ దొరుకుతుంది. 1873 నుంచి యూపీ, బీహార్‌ల కూలీలను డచ్చివాళ్లు సూరినామ్‌కు ఓడల్లో తీసుకెళ్లారు కదా, వాళ్ల వంట అది. బంగాళదుంప కూర, పొడుగు చిక్కుళ్లు పెట్టిమ్మంటే మాంసం లేకుండా ఇస్తారు. ఫుంచి అని ఇంకోటి ఉంది, మొక్కజొన్న పిండితో. కళ్లు మూసుకుని తింటే సంకటే. పక్కన మేక కూర ఇస్తారు, అది వద్దనండి. సూపర్‌మార్కెట్‌లో డచ్చి సరుకంతా ఉంటుంది గానీ ధరలు చూసి కడుపు నిండిపోతుంది. ఎండు దీవి కదా, దాదాపు అంతా బయటి నుంచే రావాలి.

ఇంకొకటి. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి: షెంజెన్ వీసా వేరు, కరేబియన్ నెదర్లాండ్స్ వీసా వేరు. 'నెదర్లాండ్సే కదా' అని ధీమాగా టికెట్ కొనేయకండి, ముందు డచ్ కాన్సులేట్ వాళ్ల పేజీ చూసుకోండి.

---

మీసాల_డైవర్ · డిసెంబర్ 2

మాకు గ్రీన్‌కార్డ్ ఉంది కాబట్టి వీసా గొడవ రాలేదు. తిండి విషయం మా ఆవిడే రాయాలి, పులిహోర కథ తనదే.

---

బడ్డీ_నంబర్_1 (హ్యూస్టన్) · డిసెంబర్ 3

నమస్తే అండీ. పై రిపోర్ట్‌లో 'మా ఆవిడ' నేనే. ఈ థ్రెడ్ చదవడానికే అకౌంట్ తెరిచాను. కొన్ని సవరణలు.

ఒకటి, హిల్మా హుకర్ దగ్గర పైకొచ్చాక నేను ఒక్క మాట అనలేదన్నది అబద్ధం. 'బాగానే ఉన్నావా' అన్నాను. ఆయనకు వినపడలేదు, చెవుల్లో నీళ్లు.

రెండు, మీసం సంగతి రాయలేదు. 2019లో ఈయన మాస్క్ ప్రతి డైవ్‌లోనూ కారింది. మాస్క్ మారుస్తాడు, పట్టీ బిగిస్తాడు, కంపెనీని తిడతాడు. మీసం మీద సిలికాన్ అంచు ఆనకపోతే నీళ్లు రాక ఏం చేస్తాయి? ఎవరో వాజలిన్ రాసుకోమన్నారట, రాసుకున్నాడు. అది సిలికాన్‌ను పాడుచేస్తుందని షాప్‌లో చెప్పేసరికి 90 డాలర్ల మాస్క్ పోయింది. కారే మాస్క్‌లోంచి నీళ్లు ఊదడానికి ముక్కుతో గాలి వదలాలి. ప్రతి రెండు నిమిషాలకూ వదిలితే ట్యాంకు ఖాళీ కాక ఏమవుతుంది? రాజు గారూ, ఆరోజు ఖర్చయిన గాలిలో సగం మీసానిదే.

మూడు, పులిహోర. బొనేర్‌లో ఒడ్డున ట్రక్ పెట్టి నీళ్లలోకి దిగితే, తాళం వేయకూడదు, అద్దాలు దించేసి ఉంచాలి, లోపల ఏమీ పెట్టకూడదు అని అద్దెకిచ్చేవాళ్లే చెప్తారు. తాళం వేస్తే అద్దం పగలగొడతారట. మేము పాస్‌పోర్టులు, ఫోన్లు రూమ్‌లోనే పెట్టి బుద్ధిగా వెళ్లాం. ఒక స్టీల్ డబ్బాలో పులిహోర మాత్రం సీట్లో పెట్టాను. ఇంటి నుంచి చింతపండు గుజ్జు పట్టుకెళ్లి, మూడోరోజు పొద్దున్నే అయిదింటికి లేచి కలిపింది. ఉప్పు వంతెన దగ్గర, అదే సాల్ట్ పియర్, ఓడ లేదని చూసుకుని దిగాం. ఓడ కట్టి ఉంటే దిగనివ్వరు. స్తంభాల మధ్య ఎండ పలకలు పలకలుగా కిందికి దిగుతుంది, స్తంభాల నిండా నారింజ, పసుపు రంగుల స్పాంజీలు. గంట ఆ మత్తులో ఉండి పైకొస్తే డబ్బా లేదు.

ఈయన 'దొంగలు, దొంగలు' అని గోల. నేను ట్రక్ వెనక్కి వెళ్లి చూస్తే, ఇరవై అడుగుల దూరంలో డబ్బా మూత, దాని మీద పళ్ల గాట్లు. ఇంకో పక్క గాడిద. మూతి నిండా పసుపు. నిమ్మళంగా నావైపు చూసి చెవి కదిపింది. పల్లీలు మాత్రం వదిలేసింది.

---

పప్పన్నం · డిసెంబర్ 3

😂😂 మా అత్తగారికి చదివి వినిపించా. 'పల్లీలు వేయించడం తక్కువైందేమో అడుగు' అంటున్నారు.

---

బడ్డీ_నంబర్_1 · డిసెంబర్ 3

అత్తయ్యగారికి నమస్కారాలు చెప్పండి. అక్కడి ఎలక్ట్రిక్ స్టవ్ మీద ఇంకెంత వేయించను!

---

నీళ్లంటే_భయం (కూకట్‌పల్లి) · డిసెంబర్ 3

అక్కా, నాకు ఈత రాదు. నా భార్యకి డైవింగ్ పిచ్చి. వచ్చే ఏడాది పెళ్లిరోజుకి ఎక్కడికైనా తీసుకెళ్దామని. ఈత రాకుండా కుదురుతుందా? ఎవరూ సరిగా చెప్పట్లేదు.

---

రుషికొండ_రాజు · డిసెంబర్ 3

తమ్ముడూ, ఊరికే ఒకసారి ఇన్‌స్ట్రక్టర్ చేయి పట్టుకుని దిగి చూడటానికి చాలాచోట్ల ఈత అడగరు. కానీ ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ కావాలంటే 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, ఏ స్టైల్ అయినా సరే, టైమ్ లిమిట్ లేదు. పది నిమిషాలు ఏమీ పట్టుకోకుండా తేలాలి. కూకట్‌పల్లిలో ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో మూడు నెలలు పొద్దున్నే పో. తర్వాత అండమాన్‌లో హ్యావ్‌లాక్, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, లేకపోతే మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి. బొనేర్ తర్వాత చూద్దువు. గైడ్ లేకుండా ఇద్దరే దిగే చోటికి మొదటిసారే పోకూడదు.

---

కోజుమెల్_ఫ్యాన్ · డిసెంబర్ 4

గాడిద కథ సూపర్. కానీ నా ప్రశ్న అలాగే ఉంది సార్. వెళ్లిన ఊరికే ఎందుకు?

---

మీసాల_డైవర్ · డిసెంబర్ 4

సరే, ఇదిగో.

ఊరికి ఉత్తరంగా ఆండ్రియా 2 అనే సైటు ఉంది. 2019లో ఆఖరి డైవ్ అక్కడే చేశాం. 12 మీటర్ల లోతున ఒక బ్రెయిన్ కోరల్, మెదడు మడతల్లా ఉండే పగడం. మా ఇంట్లో నీళ్ల డ్రమ్ము ఎంత ఉంటుందో అంత. ఆవిడ దాని పక్కన వాలుగా తేలుతూ, ముట్టుకోకుండా, రెండు చేతులూ దాని చుట్టూ చాచింది. ఆ ఫోటో అయిదేళ్లుగా మా హాల్లో ఉంది. లాక్‌డౌన్‌లో ఇద్దరం వేర్వేరు గదుల్లో జూమ్ కాల్స్ చేసుకుంటున్నప్పుడు నా వెనక కనపడేది అదే. ఆఫీసులో వాళ్లు 'ఆ బండరాయి ఏంటి' అని అడిగేవాళ్లు.

ఈసారి ఆ పగడాన్ని వెతుక్కుంటూ వెళ్లాం. దొరకదేమో అనుకున్నా. పసుపు రాయి దగ్గర దిగి, ఎడమకు తిరిగి, తీగల్లా ఊగే మెత్తటి పగడాల గుంపు దాటగానే కనపడింది. ఆకారం అదే. రంగు లేదు. పైన బూజులా పాకుడు పట్టి, మడతలు మాత్రం అలాగే ఉన్నాయి. ఒక పక్కన, అరచేయంత చోట, ఇంకా ఆకుపచ్చ గోధుమ రంగు. ఆ అరచేతికీ చచ్చిన భాగానికీ మధ్య తెల్లటి గీత.

మా ఆవిడ దాని ముందు ఆగి స్లేట్ మీద ఏదో రాయబోయి, పెన్సిల్ మళ్లీ పెట్టేసింది. నేను గేజ్ చూసుకున్నా, 140. చూడటానికి గాలి కావలసినంత ఉంది. ఆ డైవ్‌లో మేము ఇంకెక్కడికీ పోలేదు. దాని చుట్టూనే నలభై నిమిషాలు. అక్కడ ఇంతకుముందు మేము చూడనివి, అసలు చూడాలని తోచనివి ఎన్నో కనపడ్డాయి. దాని కింద గూట్లో ఒక చిన్న మచ్చల మోరే ఈల్, పాములాంటి చేప. పక్కనే ఒక డామ్సెల్ చేప, బొటనవేలంత ఉంటుంది, తన పాకుడు తోట మీదికి వచ్చిన ప్రతిదాన్నీ తరుముతోంది. నా కాలికున్న ఫిన్‌ను కూడా. 2019లో అదే చోట మేము పావుగంట కూడా లేము, తర్వాతి రాయికి పోవాలని తొందర.

కొత్త దీవికి పోతే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి సార్, ముందు ఎలా ఉందో తెలీదు కదా. నాకు ఆ ఒక్క పగడం ఎలా ఉండేదో తెలుసు. అందుకే వెళ్లా అనుకుంటా.

---

డచ్చి_తెలుగు · డిసెంబర్ 4

మీరు చెప్పిన ఆ తెల్ల గీత స్టోనీ కోరల్ టిష్యూ లాస్ డిసీజ్ (గట్టి పగడాల ఒళ్లు ఊడిపోయే జబ్బు) అయ్యుండాలి. 2014లో మయామీ దగ్గర మొదట కనపడింది, అక్కడి నుంచి కరేబియన్ అంతా పాకింది. బొనేర్‌లో 2023 మార్చిలో నిర్ధారించారు. బ్రెయిన్ కోరల్స్, మేజ్ కోరల్స్, పిల్లర్ కోరల్స్‌కు ముందు పడుతుంది. కారణం ఏ క్రిమో ఇప్పటికీ తేల్చలేదు. ఫ్లోరిడాలో అయితే అమోక్సిసిలిన్ కలిపిన పేస్టును ఆ గీత మీద చేత్తో పూస్తున్నారు, మన ఇంట్లో పిల్లలకిచ్చే మందే. దాని మీద 2023 ఎండలకు నీళ్లు కాగి పగడాలు తెల్లబడటం ఒకటి. దెబ్బ మీద దెబ్బ.

అందుకే ఇప్పుడు సైటుకీ సైటుకీ మధ్య సామాను డిస్‌ఇన్‌ఫెక్ట్ చేయమంటారు. మీరు చేశారా?

---

బడ్డీ_నంబర్_1 · డిసెంబర్ 4

చేశామండీ. డైవ్‌షాప్ దగ్గర మందు కలిపిన తొట్టె ఉంది, బీసీడీ లోపల కూడా పోసి కడగాలి. జబ్బు ఎక్కువ ఉన్న చోట్లకు రోజులో చివరికి వెళ్లమన్నారు. ఈయన ఫిన్స్ ముంచి బీసీడీ మరిచిపోయాడు, వెనక్కి పంపాను.

స్లేట్ మీద నేను రాయబోయింది 'ఇంటికెళ్లాక ఫోటో తీసేద్దామా' అని. ఎందుకో రాయలేదు. ఫోటో అక్కడే ఉంది.

---

రుషికొండ_రాజు · డిసెంబర్ 5

చదివి ఒక రోజు ఏం రాయాలో తోచలేదు అన్నా.

లయన్‌ఫిష్‌లు ఉన్నాయా ఇంకా? మన బంగాళాఖాతంలో అయితే అది సొంతూరి చేప, ఎవరినీ ఏమీ అనదు. అక్కడ శనిలా తయారైందట.

---

మీసాల_డైవర్ · డిసెంబర్ 5

ఉన్నాయి గానీ మేము చూసింది రెండే. 2009 అక్టోబర్‌లో మొదటిది కనపడిందట. అక్కడి చేపలకు అది శత్రువని తెలీదు, పక్కనే నిలబడి తినేస్తుంటే చూస్తూ ఉంటాయి. బల్లెం మీద నిషేధం ఉన్నా, దీనికోసం శిక్షణ తీసుకున్నవాళ్లకు మాత్రం పొట్టి ఈటె లాంటిది ఇస్తారు. ముళ్లలోనే విషం, మాంసంలో లేదు. ఒక రాత్రి నేను దాని వేపుడు తిన్నా. వంజరం ముందు దిగదుడుపే అనుకో, కానీ కసిగా తిన్నా.

ఒక్క రాత్రి డైవ్ గురించి రాయకపోతే ఈ రిపోర్ట్ పూర్తికాదు. పౌర్ణమి 15న, మేము 18న దిగాం, కావాలనే. సూర్యాస్తమయం అయ్యాక ముప్పావు గంటకు, చంద్రుడు ఇంకా రాకముందు, ఎనిమిది మీటర్ల దగ్గర ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని టార్చ్‌లు ఆర్పేశాం. అంతకుముందు దాకా ఒక టార్పన్ చేప, దాదాపు నా అంత పొడుగు, నా టార్చ్ వెలుగులోనే వేటాడుతూ భుజం మీదుగా దూసుకుపోతోంది. లైటు ఆర్పగానే అది ఎక్కడుందో తెలీని భయం ఒకటి. నిమిషం దాకా ఏమీ లేదు. తర్వాత మెత్తటి పగడాల మీద ఒక నీలం చుక్క. దాని పైన ఇంకోటి, ఇంకోటి, ఎవరో కనపడకుండా దారానికి మినుగురుల్ని గుచ్చుతున్నట్టు. ఆస్ట్రాకాడ్స్ అంటారు, నువ్వుగింజంత జీవులు, మగవి ఆడవాటిని పిలవడానికి వెలిగే మందు ఉమ్ముతాయి. పది నిమిషాల్లో చుట్టూ అంతా అవే. మా ఆవిడ నా చేయి పట్టుకుంది. భయంతో కాదట, పక్కన ఉన్నది నేనేనా టార్పనా అని చూసుకోవడానికట.

---

కోజుమెల్_ఫ్యాన్ · డిసెంబర్ 5

నా ప్రశ్నకు జవాబు దొరికింది సార్. 2017లో బొనేర్‌లో నేను తీసిన ఫోటోలు ఒక హార్డ్‌డ్రైవ్‌లో ఉన్నాయి. వెతుకుతున్నా. బోర్ అన్న మాట వెనక్కి తీసుకోను గానీ.

ఫ్లైట్ కాకుండా ఖర్చెంత అయిందో చెప్తారా?

---

మీసాల_డైవర్ · డిసెంబర్ 6

ఇద్దరికీ అపార్ట్‌మెంట్, ట్రక్, వారానికి సరిపడా ట్యాంకులు, ఫీజులు, తిండి కలిపి 3,400 డాలర్ల దాకా. శనివారం ఫ్లైట్ కాబట్టి శుక్రవారం పొద్దుటితో డైవింగ్ ఆపేశాం. వరసగా రోజూ దిగాక కనీసం 18 గంటలు ఆగాలి విమానం ఎక్కడానికి, మేము 24 దాటేలా చూసుకున్నాం. ఆ మధ్యాహ్నం ఖాళీగా దక్షిణం వైపు పోయాం. గులాబీరంగు ఉప్పు మడులు, దూరంగా ఫ్లెమింగోలు. రోడ్డు పక్కనే 1850లో బానిసల కోసం కట్టిన రాతి గుడిసెలు, నా నడుము ఎత్తు గుమ్మాలు. లోపలికి పాకాలి. పొద్దంతా ఆ ఉప్పు మోసి రాత్రికి అందులో పడుకునేవాళ్లు. వారాంతంలో ఇంటికి, రింకన్‌కు, గంటల తరబడి నడిచి పోయేవాళ్లట. మేము దారి తప్పి ఏసీ ట్రక్కులో విసుక్కుంటూ చుట్టొచ్చిన ఊరు అదే. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

---

చెవి_ముక్కు_గొంతు · డిసెంబర్ 6

అంతా చదివాను. ఒక్క అనుమానం మిగిలింది. మాస్క్ కారడం ఆగిందంటున్నారు, గేజ్‌లో 80 మిగిలిందంటున్నారు. మరి మీసం తీసేశారా, లేదా?

---

బడ్డీ_నంబర్_1 · డిసెంబర్ 6

యూజర్‌నేమ్ మార్చలేదు కదండీ. ముక్కు కింద, మాస్క్ అంచు ఆనేంత మేర సన్నగా గీత గీసినట్టు ట్రిమ్ చేసుకున్నాడు. దూరం నుంచి చూస్తే తెలీదు. దగ్గర నుంచి చూస్తే ఎలుక కొరికినట్టుంటుంది. ఫోటో పెడతానంటే లాప్‌టాప్ మూసేస్తున్నా